సగంలో ఆగిన ఆట – లెక్క తేలేదెలా?

వానకూ ఆటకూ ఉన్న వైరం మీకు కొత్త కాదు. క్రికెట్ మాచ్ మంచి పట్టులో ఉండగా మబ్బు కమ్ముతుంది. నాలుగు చినుకులు పడగానే పిచ్ మీద పట్టాలు కప్పేస్తారు. ఆ తరువాత ఎన్ని ఓవర్లు తగ్గాయి, ఎన్ని పరుగులు చెయ్యాలి అన్న లెక్క మొదలవుతుంది. 1992 ప్రపంచ కప్పు సెమీ ఫైనల్లో సిడ్నీలో ఏం జరిగిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంగ్లండు మీద దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 పరుగులు చెయ్యవలసి ఉండగా వాన పడింది. వాన వెలిశాక అప్పటి నియమం ప్రకారం లెక్క కడితే, 1 బంతికి 21 పరుగులు అని తేలింది! ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు అందరూ నిర్ఘాంతపోయారు.

ఆ నియమాన్ని తరువాత మార్చారు. లెక్కల పండితులు డక్‌వర్త్, లూయిస్ తయారుచేసిన పద్ధతి వచ్చింది. క్రికెట్‌లో ఆడేది రెండే జట్లు కాబట్టి అలాంటి పద్ధతి సాధ్యమైంది. మరి ఒకేసారి 70, 80 మంది ఎవరి ఆట వాళ్ళు ఆడుకునే పోటీలో, నడిమధ్యలో వాన వచ్చి ఆట ఆగిపోతే? గెలుపు ఎవరిది? ఆటగాడి స్థాయిని చెప్పే అంకె ఏమవుతుంది? ఈ చిక్కు డిస్క్ గోల్ఫ్ అనే ఆటలో చక్కగా కనిపిస్తుంది. ఆ ఆట మన ఊళ్ళలో అంతగా తెలియదు. కాని అందులో దాగిన లెక్క మాత్రం పరీక్ష మార్కుల దగ్గరనుంచి మందుల ప్రయోగాల వరకు అన్నిచోట్లా పనికివచ్చేదే.

పళ్ళెం విసిరే గోల్ఫు

గోల్ఫులో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారని మీకు తెలుసు. డిస్క్ గోల్ఫులో కర్ర లేదు, బంతి లేదు, గుంటా లేదు. ప్లాస్టిక్ పళ్ళెంలాంటి డిస్కును చేత్తో విసురుతారు. దాని అడ్డుకొలత సుమారు 21 సెంటీమీటర్లు, బరువు సాధారణంగా 150 నుంచి 180 గ్రాములు. గుంటకు బదులు ఒక ఇనుపస్తంభం, దానికి ఒక బుట్ట, బుట్టపైన వేలాడే గొలుసులు ఉంటాయి. డిస్కు గొలుసులకు తగిలి వేగం కోల్పోయి బుట్టలో పడుతుంది. గుంట లేకపోయినా, ఆడే ప్రతి అంచెనూ గోల్ఫు అలవాటు కొద్దీ ‘హోల్’ అనే అంటారు. మామూలుగా 18 హోల్స్ కలిస్తే ఒక రౌండు. తక్కువ విసుర్లతో రౌండు ముగించినవాడే మొనగాడు.

ఈ ఆటకు రూపురేఖలు దిద్దినవాడు అమెరికాకు చెందిన ఎడ్ హెడ్రిక్. ఎగిరే పళ్ళేలను ‘ఫ్రిస్బీ’ అనే పేరుతో అమ్మిన వామ్-ఓ కంపెనీలో ఆయన పనిచేశాడు. 1975లో లాస్ ఏంజెలిస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత ఆటస్థలాన్ని ఏర్పాటు చేశాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. 1976లో ఈ ఆటకు ‘ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్’ అనే సంఘాన్ని స్థాపించాడు. దాన్ని పొట్టిగా పి.డి.జి.ఎ. అంటారు. పోటీల నియమాలు, ఆటగాళ్ళ రేటింగులు ఇప్పటికీ ఆ సంఘమే చూసుకుంటుంది.

గాలి, వాన ఏం చేస్తాయి?

విసిరిన డిస్కును రెండు విషయాలు నిలబెడతాయి. ఒకటి, బొంగరంలాగా తన చుట్టూ తాను తిరగడం. అందువల్ల అది గాలిలో తలకిందులు కాకుండా నిలకడగా పోతుంది. రెండు, గాలి దాన్ని పైకి ఎత్తే బలం. ఈ ఎత్తుబలం డిస్కు వేగం మీద ఆధారపడుతుంది. అయితే నేలమీద నిలబడ్డ మనకు కనిపించే వేగం కాదు, డిస్కుకూ గాలికీ మధ్య ఉన్న సాపేక్ష వేగం. ఆ వేగం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది. అంటే బలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. డిస్కును సెకనుకు 25 మీటర్ల వేగంతో విసిరారు. ఎదురుగాలి సెకనుకు 10 మీటర్లు. అప్పుడు సాపేక్ష వేగం 35 మీటర్లు. 35ను 25తో భాగిస్తే 1.4. దాని వర్గం 1.96. అంటే గాలి లేనప్పటికంటే ఎత్తుబలం దాదాపు రెట్టింపు! డిస్కు అమాంతం పైకి లేచి, పక్కకు ఒరిగి, దారి తప్పుతుంది. అదే గాలి వెనకనుంచి వీస్తే సాపేక్ష వేగం 15 మీటర్లే. 15ను 25తో భాగించి వర్గం చేస్తే 0.36. ఎత్తుబలం మూడోవంతుకు కొంచెం పైన మాత్రమే మిగులుతుంది. డిస్కు తొందరగా నేలకు దిగిపోతుంది.

ఇక వాన సంగతి. తడిసిన ప్లాస్టిక్ వేళ్ళమధ్య జారుతుంది. విసిరే చోట కాలు జారుతుంది. పట్టు సరిగా చిక్కక డిస్కుకు అందవలసిన భ్రమణం అందదు. అందుకే గాలివానలో స్కోర్లు అందరికీ పెరుగుతాయి. గుర్తుంచుకోండి, ఈ ఆటలో స్కోరు పెరగడం మంచిది కాదు.

పిడుగు ముందు ఆట ఎంత!

గాలి వీచినా, వాన పడినా ఆట సాగించవచ్చు. ఉరుములు, మెరుపులు మొదలైతే మాత్రం ఆపి తీరాలి. ఆడేది బహిరంగ మైదానంలో, ఎత్తయిన చెట్ల మధ్య. ఎదురుగా ఇనుప స్తంభం. పిడుగుకు ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది?

మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి 3 సెకన్లకు 1 కిలోమీటరు అనుకోవచ్చు. 30 సెకన్లు పట్టిందంటే మెరుపు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంతకంటే తక్కువ పట్టిందా, వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో పోవాలి. చెట్టుకింద నిలబడకూడదు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రాకూడదు. పొలంలో పనిచేసేవాళ్ళకు, పశువులు కాసేవాళ్ళకు, మైదానంలో ఆడుకునే మీకు కూడా ఈ లెక్క పనికివస్తుంది. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అన్నారు పెద్దలు. పోటీ రేపు మళ్ళీ పెట్టుకోవచ్చు.

అందువల్ల ఆట ఆపాలా వద్దా అన్నదాంట్లో సందేహం లేదు. ఆపిన తరువాత లెక్క ఎలా తేల్చాలన్నదే ప్రశ్న.

పదిహేడు పూర్తయినా ఒక్కటీ కలవదు

‘ఎంతవరకు ఆడారో అంతవరకే లెక్కపెడితే సరిపోదా?’ అని మీకు తోచవచ్చు. చాలా పోటీల్లో ఆట ఎలా మొదలవుతుందో తెలిస్తే అందులోని చిక్కు అర్థమవుతుంది.

72 మంది ఆటగాళ్ళున్నారనుకుందాం. అందరూ మొదటి హోల్ దగ్గరే బారులు తీరితే సాయంత్రం దాకా తెమలదు. అందుకని నలుగురేసి చొప్పున 18 జట్లు చేస్తారు. మొదటి జట్టు 1వ హోల్ దగ్గర, రెండో జట్టు 2వ హోల్ దగ్గర, ఇలా ఒక్కొక్క జట్టును ఒక్కొక్క హోల్ దగ్గర నిలబెడతారు. సంకేతం రాగానే అన్ని జట్లూ ఒకేసారి మొదలుపెడతాయి. 18వ హోల్ ముగించిన జట్టు 1వ హోల్‌కు పోతుంది. ఇలా గుండ్రంగా తిరిగి అందరూ 18 హోల్సూ పూర్తిచేస్తారు.

ఇప్పుడు ప్రతి జట్టూ 9 హోల్స్ ఆడగానే వాన వచ్చిందనుకోండి. మొదటి జట్టు ఆడినవి 1 నుంచి 9. పదో జట్టు ఆడినవి 10 నుంచి 18. ఈ రెండు జట్లూ ఉమ్మడిగా ఆడిన హోల్ ఒక్కటైనా లేదు! 1 నుంచి 9 వరకు తేలికగా ఉండి, మిగిలినవి కష్టంగా ఉంటే, మొదటి జట్టుది మంచి స్కోరులా కనిపిస్తుంది. ఒకరికి ప్రశ్నపత్రంలో తేలిక ప్రశ్నలిచ్చి, ఇంకొకరికి కష్టమైనవిచ్చి, మార్కులు పోల్చినట్టు ఉంటుంది.

సరే, ఇంకాసేపు ఆడనిద్దాం. ప్రతి జట్టూ 17 హోల్స్ ఆడింది, ఒక్కటే మిగిలింది. ఇప్పుడైనా అందరూ ఆడిన హోల్స్ మాత్రమే తీసుకుని లెక్క వెయ్యవచ్చా? చూడండి. మొదటి జట్టు ఆడనిది 18వ హోల్. రెండో జట్టు ఆడనిది 1వ హోల్. మూడో జట్టు ఆడనిది 2వ హోల్. ఇలా ప్రతి హోల్‌నూ ఏదో ఒక జట్టు ఆడకుండా మిగిల్చింది. అంటే 18లో 17 పూర్తయినా, అందరూ ఆడిన హోల్ ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు! నమ్మకం కుదరకపోతే కాగితం మీద గళ్ళు గీసి చూడండి.

అందుకే వాన తెరిపి ఇచ్చాక, ఎవరు ఎక్కడ ఆపారో అక్కడినుంచే మళ్ళీ మొదలుపెడతారు. చీకటిపడితే మర్నాడు పూర్తిచేస్తారు. ఏ విధంగానూ కుదరకపోతే, పూర్తికాని రౌండును పక్కనపెట్టి అందరూ ముగించిన రౌండ్ల మీదనే ఫలితం తేల్చడం ఒక్కటే న్యాయంగా మిగిలే దారి. అందులోనూ ఎవరికో ఒకరికి నష్టం తప్పదు. ఆ రౌండులో అద్భుతంగా ఆడుతున్నవాడి కష్టం వానలో కొట్టుకుపోతుంది. చెత్తగా ఆడుతున్నవాడు బతికిపోతాడు.

బంతితో ఆడే గోల్ఫులో 2024 ఫిబ్రవరిలో జరిగింది వినండి. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో నాలుగు రౌండ్ల పోటీ. మూడో రౌండులో విండమ్ క్లార్క్ అనే ఆటగాడు 60 దెబ్బల్లో 18 గుంటలూ ముగించి అందరికంటే ముందుకు వచ్చాడు. మూడు రౌండ్లకు అతని మొత్తం 199. స్వీడన్ యువకుడు లుడ్విగ్ ఆబెర్య్ ఒకే ఒక్క దెబ్బ వెనక ఉన్నాడు. ఆదివారం జరగవలసిన నాలుగో రౌండును పెనుగాలివాన ఆపేసింది. సోమవారం కూడా వీలుకాదని తేలడంతో, మూడు రౌండ్లతోనే పోటీ ముగిసినట్టు ప్రకటించి క్లార్క్‌ను విజేత అన్నారు. అంతా నియమం ప్రకారమే జరిగింది. అతని 60 సామాన్యమైన ఆటా కాదు. అయినా ఒక్క దెబ్బ వెనక ఉన్నవాడికి మరో 18 గుంటల అవకాశం చేజారిపోయింది.

చిన్న ఆటలో అదృష్టం పాలు ఎక్కువ

ఆట పొట్టిదైతే మేలైన ఆటగాడు ఓడిపోయే అవకాశం పెరుగుతుంది. ఎందుకో ఒక పాచికతో తెలుసుకుందాం.

రాము, సోము అని ఇద్దరు ఆటగాళ్ళు. ఒక్కొక్క హోల్‌కూ ఒకసారి పాచిక వెయ్యండి. 1 గాని 2 గాని పడితే ఆ హోల్‌లో రాముకు ఒక విసురు లాభం. 6 పడితే సోముకు ఒక విసురు లాభం. 3, 4, 5 పడితే ఇద్దరూ సమానం. రాముకు ఆరింట రెండు అవకాశాలు, సోముకు ఆరింట ఒకటే. కాబట్టి రామే మెరుగైన ఆటగాడని మనకు ముందే తెలుసు. సగటున 18 హోల్స్‌లో రాము 3 విసుర్లు ముందుండాలి.

మరి ప్రతిసారీ రామే గెలుస్తాడా? గెలవడు. సంభావ్యత సూత్రాలతో లెక్క కడితే ఇలా వస్తుంది. 9 హోల్స్‌తో ఆట ఆపేస్తే, 100 ఆటల్లో సుమారు 17 సార్లు సోము ముందుంటాడు. 18 హోల్స్ ఆడితే సుమారు 11 లేక 12 సార్లు. మూడు రౌండ్లు, అంటే 54 హోల్స్ ఆడితే సుమారు 3 సార్లు మాత్రమే. ఆటగాళ్ళు మారలేదు, పాచికా మారలేదు. మారిందల్లా ఆట పొడవు.

కారణం ఇది. హోల్స్ సంఖ్య పెరిగేకొద్దీ నేర్పువల్ల వచ్చే తేడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. హోల్స్ నాలుగింతలైతే ఆ తేడా కూడా నాలుగింతలు. అదృష్టంవల్ల వచ్చే హెచ్చుతగ్గులు మాత్రం ఒకదాన్నొకటి కొంతవరకు రద్దు చేసుకుంటాయి. అందుచేత అవి హోల్స్ సంఖ్య వర్గమూలం చొప్పునే పెరుగుతాయి. హోల్స్ నాలుగింతలైతే అవి రెండింతలే. ఆట సాగేకొద్దీ నేర్పు అదృష్టాన్ని దాటిపోతుంది. ఆటను మధ్యలో తెంచేస్తే ఆ దాటే అవకాశం ఉండదు.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కుండలో అన్ని మెతుకులూ ఒకేలా ఉడుకుతాయి గనుక. మనిషి ఆట అలా కాదు. ఒక విసురుకూ ఇంకో విసురుకూ పొంతన ఉండదు. అందుకే ఇక్కడ ఎక్కువ మెతుకులు పట్టి చూడాలి.

రేటింగు అంటే ఏమిటి?

గెలుపు ఓటములు ఆ రోజుతో పోతాయి. ఆటగాడి వెంట ఉండేది రేటింగు. అది అతని స్థాయిని తెలిపే అంకె. పి.డి.జి.ఎ. పద్ధతిలో 1000 అంటే నిపుణుడి స్థాయి. ప్రపంచంలో అగ్రశ్రేణి ఆటగాళ్ళ రేటింగు 1040 దాటుతుంది. మామూలు 18 హోల్స్ రౌండులో ఒక్క విసురు సుమారు 10 పాయింట్లకు సమానం. 1000 రేటింగు ఆటగాడికి 50 విసుర్లు పట్టే ఆటస్థలంలో మీరు 55తో ముగించారా, ఆ రౌండుకు మీ రేటింగు సుమారు 950. 47తో ముగిస్తే 1030.

ఆటగాడి రేటింగు అంటే గత 12 నెలల్లో అతని రౌండ్ల రేటింగుల సగటు. దాన్ని నెలకొకసారి సవరిస్తారు. తగినన్ని రౌండ్లున్నవారికి అన్నిటికంటే ఇటీవలి నాలుగోవంతు రౌండ్లను రెండేసిసార్లు లెక్కలోకి తీసుకుంటారు. ఏ విభాగంలో పోటీకి దిగవచ్చో కూడా చాలా సందర్భాల్లో ఈ అంకెను బట్టే తేలుతుంది. అందుకే ఎదుగుతున్న ఆటగాళ్ళు దీనికోసం వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తారు.

వాన మాత్రమే అయితే భయం లేదు

‘గాలివానలో స్కోరు పాడైంది, రేటింగు కూడా పడిపోతుంది కాబోలు’ అని కొత్త ఆటగాడు బెంగపడతాడు. కాని చిత్రమేమిటంటే, అందరి మీదా ఒకేలా పడిన వాన రేటింగును ఏమీ చెయ్యదు.

ఎలాగో చూద్దాం. అయిదుగురు ఆటగాళ్ళ రేటింగులు 1000, 980, 960, 940, 920. వీళ్ళ సగటు 960. ప్రశాంతమైన రోజున వీళ్ళ స్కోర్లు వరసగా 50, 52, 54, 56, 58. సగటు 54. అంటే ఆ రోజు 54 విసుర్లు వేసినవాడిది 960 స్థాయి ఆట.

ఇంకో రోజు ఈదురుగాలి. ప్రతివాడికీ 6 విసుర్లు ఎక్కువయ్యాయి. స్కోర్లు 56, 58, 60, 62, 64. సగటు 60. ఇప్పుడు 60 విసుర్లే 960కి సమానం. మొదటి ఆటగాడి 56 దానికంటే 4 విసుర్లు మెరుగు. అందుచేత 960కి 40 కలిపితే 1000. అతని రేటింగు చెక్కుచెదరలేదు!

కొలబద్దను ముందుగా గీసి పెట్టుకోకుండా, ఆ రోజు అక్కడ ఆడిన వాళ్ళ స్కోర్లనుంచే తయారు చేయడంలో ఉంది కిటుకు. ఇదివరకే నమ్మదగిన రేటింగు సంపాదించుకున్న ఆటగాళ్ళ స్కోర్లను ఇందుకు వాడతారు. అలాంటివాళ్ళు కనీసం అయిదుగురైనా ఉండాలి. గాలి ఎంత, వాన ఎంత అని విడిగా కొలవనక్కరలేదు. వాళ్ళ స్కోర్లలోనే ఆ రోజు వాతావరణం ఇమిడి ఉంటుంది.

అయితే వాన అందరిమీదా ఒకేలా పడకపోతే? పొద్దున్న ఆడినవాళ్ళకు ప్రశాంతంగా ఉండి సగటు 54 వచ్చింది. మధ్యాహ్నం ఆడినవాళ్ళకు గాలి లేచి 60 వచ్చింది. రెండు గుంపుల నేర్పూ 960 స్థాయే. వాళ్ళందరినీ ఒకే గాటన కడితే సగటు 57 అవుతుంది. అప్పుడు పొద్దుటివాళ్ళకు 30 పాయింట్లు ఉత్తపుణ్యానికి కలిసివస్తాయి, మధ్యాహ్నంవాళ్ళకు 30 పాయింట్లు ఉత్తపుణ్యానికి పోతాయి. కొలబద్ద మంచిదే కాని, ఒకే రకమైన పరిస్థితిలో ఆడినవాళ్ళకే అది సరిపోతుంది.

పొట్టి రౌండు ఊగిస్తుంది

ఇక అసలు విషయానికి వద్దాం. వానవల్ల నిర్వాహకులు 18కి బదులు 13 హోల్స్‌తో రౌండు నడిపారనుకుందాం. అందరూ ఆ 13 హోల్సే ఆడారు కాబట్టి పోటీకి అన్యాయం లేదు. రేటింగుకు మాత్రం ఒక హద్దు ఉంది. 13 హోల్స్‌కు తక్కువైన రౌండుకు పి.డి.జి.ఎ. రేటింగు కట్టదు. అంత చిన్న నమూనాతో మనిషి స్థాయిని చెప్పబోవడం దుస్సాహసమే మరి.

13 హోల్స్ రౌండులో ఒక్క విసురు విలువ ఎంత? రేటింగులో 100 పాయింట్ల తేడా ఉన్న ఇద్దరికి 18 హోల్స్‌లో 10 విసుర్ల తేడా ఉంటుంది. ఆ నిష్పత్తిలో 13 హోల్స్‌లో వచ్చే తేడా సుమారు 7.2 విసుర్లే. 100 పాయింట్లను 7.2 విసుర్లకు పంచితే ఒక్కొక్కదానికి సుమారు 14 పాయింట్లు వస్తాయి. అంటే ఇదివరకు 10 పాయింట్లున్న విసురు ఇప్పుడు 14 పాయింట్లయింది. డిస్కు కొమ్మకు తగిలి పొదలో పడి 2 విసుర్లు వృథా అయ్యాయా, పూర్తి రౌండులో 20 పాయింట్ల నష్టం, పొట్టి రౌండులో 28.

‘హోల్స్ తగ్గాయి కాబట్టి పొరపాట్లూ తగ్గుతాయి గదా’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. తగ్గుతాయి, కాని తగినంతగా కాదు. ఒకడి స్కోరు 18 హోల్స్‌లో సగటుకు అటూ ఇటూ 3 విసుర్లు ఊగుతుందనుకుందాం. అది రేటింగులో 30 పాయింట్లు. 13 హోల్స్‌లో ఆ ఊగు వర్గమూలం చొప్పున తగ్గి సుమారు 2.5 విసుర్లవుతుంది. దాన్ని 14తో హెచ్చిస్తే 35 పాయింట్లు. విసుర్లలో ఊగు తగ్గింది, రేటింగులో పెరిగింది!

ఈ ఊగువల్ల ఆటగాడి అసలు రేటింగు ఎంత కదులుతుంది? అది అతని వెనక ఎన్ని రౌండ్లున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకడికి 20 రౌండ్లున్నాయి. వాటిలో ఇటీవలి 5 రౌండ్లు రెండేసిసార్లు లెక్కకు వస్తాయి కాబట్టి మొత్తం భారం 25. ఇటీవలి పొట్టి రౌండులో అదృష్టం కలిసివచ్చి 40 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. 40ని 2తో హెచ్చించి 25తో భాగిస్తే 3.2. రేటింగు కేవలం మూడు పాయింట్లు పెరిగింది. అదే మొత్తం నాలుగే రౌండ్లున్న కొత్త ఆటగాడికైతే 40ని 4తో భాగిస్తే 10 పాయింట్లు. పెద్ద చెరువులో చెంబెడు నీళ్ళు పోస్తే ఏమీ తెలియదు. చిన్న గిన్నెలో పోస్తే పొర్లిపోతుంది.

ఇందులో గమనించదగిన సంగతి ఇంకొకటి ఉంది. తన సగటుకంటే 100 పాయింట్లకు మించి పడిపోయిన రౌండును రేటింగు లెక్కలోంచి తీసేస్తారు. గాయమో, జబ్బో, మరేదో కారణమై ఉంటుందని. ఎంతో మెరుగ్గా వచ్చిన రౌండును మాత్రం తీసెయ్యరు. కాబట్టి పొట్టి రౌండులో ఘోరమైన దురదృష్టానికి కొంత రక్షణ ఉంది. ఘనమైన అదృష్టం మాత్రం లెక్కలో నిలిచిపోతుంది. అలా పెరిగిన అంకె ఆటగాడికి ముచ్చటగానే ఉంటుంది. కాని దానివల్ల తన స్థాయికి మించిన విభాగంలోకి నెట్టబడితే, మరుసటి పోటీలో చుక్కలు కనిపిస్తాయి.

అంకె వెనక ఎన్ని హోల్స్?

ఇంతవరకు చూసినదాన్ని మూడు మాటల్లో చెప్పుకోవచ్చు. అందరిమీదా సమానంగా పడిన వాన రేటింగును పాడుచెయ్యదు. కొందరిమీదే పడిన వాన పాడుచేస్తుంది. ఆటను పొట్టి చేసిన వాన నేర్పు పాలు తగ్గించి అదృష్టం పాలు పెంచుతుంది. ఈ మూడో నష్టాన్ని ఏ సూత్రమూ పూర్తిగా పూడ్చలేదు. ఆడని హోల్స్‌లో ఏం జరిగి ఉండేదో ఏ లెక్కా చెప్పలేదు గదా! దానికి మందు ఒక్కటే – ఇంకా ఎక్కువ రౌండ్లు ఆడటం.

ఆటస్థలం బయట కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గినంత మాత్రాన ఒక విద్యార్థిని మొద్దు అనకూడదు. నలుగురికి నయమైనంత మాత్రాన ఒక మందును దివ్యౌషధం అనకూడదు. రెండేళ్ళు వరసగా వానలు తప్పినంత మాత్రాన శీతోష్ణస్థితి మారిపోయిందని తేల్చకూడదు, రెండేళ్ళు బాగా పడ్డంత మాత్రాన మారలేదనీ తేల్చకూడదు. ఎవరైనా ఒక అంకె చూపిస్తే ‘ఇది ఎన్నిసార్లు చూసి చెప్పిన మాట?’ అని అడగండి. శాస్త్రజ్ఞులు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.

మీరే చేసి చూడండి

ఇద్దరు స్నేహితులు కలిసి పైన చెప్పిన పాచిక ఆట ఆడండి. 9 సార్లు వేస్తే ఒక ఆట. అలాంటివి 30 ఆటలు ఆడి, సోము ఎన్నిసార్లు ముందున్నాడో రాసిపెట్టుకోండి. తరువాత వరసగా వచ్చే రెండేసి ఆటలను కలిపి 18 హోల్స్ ఆటలుగా మార్చి మళ్ళీ లెక్కపెట్టండి. తరగతిలో అందరి ఫలితాలూ కలిపితే లెక్క ఇంకా బాగా తేలుతుంది. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.

బుర్రకు పదును

1. 18 జట్లు 18 హోల్స్ దగ్గర ఒకేసారి ఆట మొదలుపెట్టాయి. ప్రతి జట్టూ 12 హోల్స్ ఆడాక వాన వచ్చింది. 5వ హోల్‌ను ఎన్ని జట్లు ఆడి ఉంటాయి?

2. డిస్కు వేగం సెకనుకు 24 మీటర్లు, ఎదురుగాలి సెకనుకు 6 మీటర్లు. ఎత్తుబలం సుమారు ఎంత శాతం పెరుగుతుంది?

3. ఒక ఆటగాడికి 5 రౌండ్లలో సగటు 900. ఆరో రౌండు 13 హోల్స్‌ది, దానిలో 960 వచ్చింది. అన్ని రౌండ్లకూ సమాన విలువ ఇస్తే కొత్త సగటు ఎంత?

జవాబులు: 1. పన్నెండు జట్లు. 2. సుమారు 56 శాతం. 3. 910.